శబరి మీద పాత చెక్క లాంచీ: ఫైబర్ పీకేసి, పలక మార్చి మళ్ళీ నీళ్ళలో దించిన కేసు

ముందు లాంచీ వివరాలు చెప్పేస్తాను. పొడవు 42 అడుగులు, మధ్యలో వెడల్పు 10 అడుగులు, ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళలో రెండున్నర అడుగులు మునుగుతుంది. పలక అంతా టేకే, అంగుళంపావు మందం. రిబ్బులు, అంటే లోపలివైపు పలకల్ని పట్టుకునే వంపు చెక్కలు, నల్లతుమ్మ, అడుగు దూలం నల్లమద్ది. 1970ల మొదట్లో కింద గోదావరి వైపు కట్టించారు. కూనవరం నుంచి శబరిలో పైకి మోటు దాకా జనాన్నీ తునికాకు కట్టల్నీ చింతపండు బస్తాల్నీ మోసింది, తర్వాత రోడ్లు బాగుపడి బేరం తగ్గిపోతే ఒడ్డెక్కించేశారు. మేం చూసేటప్పటికి రెండు పెద్ద దుంగల మీద, పైన రేకుల పందిరి కింద, చాలా ఏళ్ళుగా ఎండిపోతూ ఉంది.

మోటు తెలియనివాళ్ళకి ఒక మాట. ఇది ఒడిశా మల్కన్‌గిరి జిల్లా చిట్టచివర, శబరిలో సీలేరు కలిసే చోటు. అవతలి ఒడ్డున ఛత్తీస్‌గఢ్ కొంటా, కాస్త కిందకి దిగితే ఆంధ్రా, ఇంకా దిగితే కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసిపోతుంది. ఇక్కడ ఇళ్ళలో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో కోయ భాష, ఎంవీ నంబర్ల ఊళ్ళకి వెళ్తే బెంగాలీ. దండకారణ్య ప్రాజెక్టులో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. ఈ కేసుకి ఆ సంగతి ఎందుకో కింద చెప్తాను.

రోడ్డుంది కదా లాంచీ ఎందుకని మమ్మల్ని చాలామంది అడిగారు. గోదావరి భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక 53 అడుగులు దాటితే శబరి నీళ్ళు కిందకి పోవు, వెనక్కి ఎక్కుతాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో మళ్ళీ 71 దాటింది. అలాంటప్పుడు మోటు వైపు హైవే మునిగిపోతుంది, మందులకి వెళ్ళాలన్నా పడవే. అదే బలిమెల రిజర్వాయర్ వైపు చూడండి, చిత్రకొండ అవతల, రిజర్వాయర్ నీళ్ళతో విడిపోయిన కటాఫ్ ఏరియా జనానికి 2018లో గురుప్రియా వంతెన తెరిచేదాకా లాంచీలే దారి. ఓనర్ గారు కూడా ఇదే లెక్క వేసుకుని, మా నాన్న లాంచీ అలా కుళ్ళిపోతుంటే చూడలేను, వరదల్లోనైనా పనికొస్తుంది, బాగు చెయ్యమని కబురు పెట్టారు.

మా ఇంట్లో ఈ పని తాళ్ళరేవు నుంచి వచ్చింది, అక్కడ ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. అందుకని లాంచీ అనగానే నేను ముందు బాడిస తియ్యను, చిన్న సుత్తి తీస్తాను. కొట్టుకుంటూ చుట్టూ తిరిగితే గట్టి చెక్క ఖంగుమంటుంది, పోయిన చెక్క డొల్లగా పలుకుతుంది. ఇక్కడ మాత్రం ఎక్కడ కొట్టినా ఒకటే మొద్దు శబ్దం, ఎందుకంటే అడుగంతా మూడు పొరల ఫైబర్ గ్లాస్ చుట్టేసి ఉంది. ఆఖరిసారి ఎవరో ఒక వర్క్‌షాపు వాళ్ళు, ఇంక కారదు అని హామీ ఇచ్చి కొట్టారట. ఎవరన్నది అనవసరం, ఆ పని ఎందుకు నిలవలేదన్నదే ముఖ్యం.

గ్రైండర్‌తో ఫైబర్‌ని జానెడు చదరం కోసి ఉలితో ఎత్తాం. పందిరి కింద అన్నేళ్ళు ఎండిన లాంచీ కదా, అయినా కిందనుంచి నీళ్ళు చేతి మీదకి కారాయి. అక్కడి చెక్కలో తేమ మీటరు సూదులు గుచ్చితే 30 శాతం దాటింది, అంటే చెక్క ఇంక ఉబ్బలేనంతగా తాగేసి ఉంది. అదే లాంచీకి ఫైబర్ లేని పై పలకల్లో 13, 14. బూజు చెక్కని తినాలంటే తేమ 20 పైన ఉండాలి, కొంచెం గాలి ఉండాలి, వెచ్చగా ఉండాలి. ఫైబర్ కింద ఈ మూడూ దొరికాయి. తడిగుడ్డని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎండలో పెట్టినట్టు అయిపోయింది ఆ పలకల పని.

లోపలివైపు ఇంకోటి. అడుగున నీళ్ళు నిలవకుండా ఉంటుందని రిబ్బుల మధ్య సిమెంటు పోశారు. చాలామంది పోస్తారు, చూడ్డానికి నున్నగా శుభ్రంగా ఉంటుంది. కానీ సిమెంటుకీ చెక్కకీ మధ్య సన్నని సందు ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే చెక్క కదుల్తుంది, సిమెంటు కదలదు. ఆ సందులోకి దిగిన వాననీరు బయటికి రాదు. సిమెంటు పగలగొడితే అడుగు దూలం పైభాగం వేలితో గీస్తే రాలుతోంది, అదే దూలం కిందిభాగం మాత్రం ఉలికి కూడా లొంగట్లేదు. ఎప్పుడూ పూర్తిగా నీళ్ళలో ఉన్నదానికి గాలి అందదు కాబట్టి బూజు పట్టదు. అందుకే ఏ చెక్క లాంచీ చూసినా అట్టడుగు కంటే నీటిగీత దగ్గర, డెక్ అంచుల దగ్గర ముందు పోతుంది. జనం అడుగు చూసి భయపడతారు, నేనైతే డెక్ అంచు కింద వాననీరు దిగే మూలలు ముందు చూడమంటాను.

మేకుల కథ వేరు. అంతా ఇనప మేకులే. ఒకటి జాగ్రత్తగా పీకి చూపించాను ఓనర్ గారికి. నాలుగంగుళాల మేకు, తల బాగానే ఉంది, మొన బాగానే ఉంది, పలక అయిపోయి రిబ్బు మొదలయ్యే చోట మాత్రం కుట్టుసూదంత సన్నం. బయటనుంచి తల చూసి మేకు గట్టిగా ఉందనుకుంటాం, లోపల పట్టు లేదు. చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడి ఉంది. చెక్కలో ఉండే వగరు ఇనుముతో కలిస్తే ఆ నలుపు వస్తుంది, తుప్పు ఉబ్బి పలకని లోపల్నుంచి చీలుస్తుంది. కొన్ని పలకలకి కలప బాగానే ఉండి మేకు చుట్టూ రెండంగుళాల మేర మాత్రమే పోయింది, అవి చూస్తే నాకు నిజంగా బాధేసింది, అలాంటి పాత గోదావరి టేకు, గీతకి గీత ఆనుకుని ఉన్న కలప, ఇప్పుడు దొరకదు.

ఇంత చూశాక ఓనర్ గారు అడిగింది ఒక్కటే. "ఒరేయ్ అబ్బాయ్, కుళ్ళిన ముక్కలు తీసేసి మళ్ళీ ఫైబరే కొట్టేస్తే పోలా, సగం ఖర్చులో అయిపోద్ది."

"బాబాయ్ గారూ, కొట్టేస్తే నాలుగేళ్ళు పైకి బానే కనపడుద్దండి. లోపల ఏమవుతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. కనపడని చోట కుళ్ళేదాంట్లో వరదప్పుడు జనాన్ని ఎక్కించలేను" అన్నాను.

ఫైబర్ చెడ్డదని నేననను. కొత్తగా, ఎండిన కలపతో, సన్నని చెక్కలు ఎపాక్సీతో అతికించి కట్టే పడవలకి అది బాగా పనిచేస్తుంది. అక్కడ చెక్క కదలదు. పలకల మధ్య సందులుండి, నీళ్ళు తాగి ఉబ్బి బిగిసే పడవ వేరే జాతి. టేకు మిగతా కలప కంటే తక్కువ కదులుతుంది, అయినా కదులుతుంది, పొడవుకి కాదు, అడ్డానికి. దాని కదలికని ఆపాలని చూస్తే అది ఎక్కడో అక్కడ పగుల్చుకుని బయటికొస్తుంది. ఈ లాంచీ మీద మేం తీసుకున్న ప్రతి నిర్ణయం ఈ ఒక్క సంగతి నుంచే వచ్చింది. చెక్కకి ఉబ్బడానికి చోటు, ఆరడానికి గాలి వదలాలి.

పనిలో మొదటి దశ చెక్క కొయ్యడం కాదు, ఆకారం సరిచెయ్యడం. రెండు దుంగల మీద అన్నేళ్ళు ఉండేసరికి ముక్కూ వెనకా కిందకి జారి మధ్య పైకి లేచింది, ముక్కు నుంచి వెనక దాకా దారం లాగితే మూడంగుళాల తేడా. ఈ వంకరలో కొత్త పలకలు వేస్తే వంకరే పర్మనెంట్ అయిపోతుంది. అడుగు దూలం కింద వరసగా దిమ్మలు పెట్టి, రెండు చివర్లా జాకీలు పెట్టి, రోజూ కొంచెం కొంచెం ఎత్తుతూ, చెక్క పెళుసుగా ఉండకుండా తడి గోనెలు కప్పుతూ వచ్చాం. ఇది వారాల పని. తొందరపడి ఒకేసారి ఎత్తితే రిబ్బులు ఫట్‌మంటాయి. మూడంగుళాల్లో రెండున్నర వెనక్కి వచ్చింది, మిగతా అర అంగుళం వదిలేశాం, దానికోసం ఇంకా లాగితే లాభం కంటే నష్టం ఎక్కువ.

ఆకారం నిలబడ్డాక కూడా అన్నీ ఒకేసారి విప్పకూడదు. రిబ్బు విడిచి రిబ్బు మార్చాం, పాత రిబ్బు ఆకారాన్ని పట్టుకుని ఉంటే పక్కన కొత్తది కూర్చుంటుంది, తర్వాత ఆ పాతది. ప్రతి రిబ్బుకీ ముందే ప్లైవుడ్ ముక్కతో అచ్చు తీసి నంబరు వేశాం. రిబ్బులకి నల్లతుమ్మే కావాలి. చెరువు గట్ల మీద పెరిగిన తుమ్మకి కొమ్మ సహజంగా వంగి ఉంటుంది, ఆ వంపు మన అచ్చుకి సరిపోయేది వెతికి తేవాలి. తిన్నని చెక్కని వంపుగా కోస్తే గీతలు మధ్యలో తెగిపోయి అక్కడే విరుగుతుంది. మాతో పనిచేసిన కోయ కుర్రాళ్ళు ఇద్దరు చెట్టు కింద నిలబడి తల ఎత్తి చూసి, అచ్చు ఒకసారి గాల్లో తిప్పి, ఇది సరిపోద్దన్నా అనేవాళ్ళు. కోసుకొచ్చి పెడితే సరిపోయేది. ఆ కన్ను నేర్పితే వచ్చేది కాదు, దానికి తగ్గట్టే కూలి ఇవ్వాలి, ఇచ్చాం.

టేకు మాత్రం ఫారెస్ట్ కార్పొరేషన్ డిపో వేలంలోనే కొన్నాం. రాష్ట్రం సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఎవరో ఒకరు చవగ్గా కలప ఉందని చెప్తూనే ఉంటారు, ట్రాన్సిట్ పర్మిట్, అంటే కలప తరలించడానికి ఇచ్చే అనుమతి కాగితం, లేని దుంగ ముట్టుకోవద్దు, లాంచీ అయిపోయాక రిజిస్ట్రేషన్‌లో కూడా కలప బిల్లు అడిగితే చూపించుకోవచ్చు. దుంగని పలక చేయించేటప్పుడు మిల్లు దగ్గర నిలబడి గీతలు పలక వెడల్పు ముఖానికి నిటారుగా వచ్చేట్టు కోయించుకోవాలి. అలా కోస్తే కలప ఎక్కువ వేస్టవుతుంది, మిల్లువాడు విసుక్కుంటాడు, కానీ ఆ పలక ఉబ్బడం దాదాపు సగానికి తగ్గుతుంది.

పలక పొడవు చాలనిచోట ఏటవాలు అతుకు వేశాం, మందానికి 8 రెట్లు పొడవు, అంటే అంగుళంపావు పలకకి 10 అంగుళాల వాలు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఎపాక్సీ రాసే ముందు అతుకు ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించాలి, తుడిచి టీ తాగొచ్చి అతికిస్తే నూనె మళ్ళీ పైకొచ్చేస్తుంది. పక్కపక్క వరసల్లో అతుకులు ఒకదానికొకటి దగ్గర పడకుండా కనీసం మూడు రిబ్బుల దూరం పెట్టాం.

ఇంక మేకులు. ఓనర్ గారి అబ్బాయి రాగి మేకులే వెయ్యాలని పట్టుబట్టాడు, ఇంటర్నెట్లో అంతా రాగే బెస్ట్ అంటున్నారన్నా అని. కొత్త పడవకైతే నేనూ రాగే అంటాను. ఇక్కడ పైవరసల్లో పాత పలకలు సగానికి పైగా బాగున్నాయి, వాటి లోపల ఇనప మేకులు ఉన్నాయి, అన్నీ పీకలేం, పీకితే పలక పోతుంది. తడి చెక్కలో రాగీ ఇనుమూ పక్కపక్కన పెడితే బ్యాటరీ తయారవుతుంది, ఇనుము తొందరగా తినేయబడుతుంది. ఖరీదైన రాగి వేసి పాత మేకుల్ని చంపుకోవడం ఎందుకు? అందుకని మొత్తం హాట్ డిప్ గాల్వనైజ్డ్ మేకులే వాడాం, కరిగిన జింకులో ముంచి తీసినవి, గరుకుగా మందంగా పూత ఉంటుంది. బజార్లో మెరుస్తూ దొరికే పల్చని పూత మేకులు వద్దు, అవి రెండు వానలకి ఎర్రబడతాయి. స్టెయిన్‌లెస్ ఎందుకు కాదని కూడా అడిగారు. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా ఉండేది గాలి తగిలితేనే, తడి చెక్క లోపల గాలి అందకపోతే దానికీ గుంటలు పడతాయి.

ఈ మొత్తం పనిలో కష్టమైంది అడుగు దూలాన్ని ఆనుకుని ఉండే మొదటి పలక. మధ్యలో దాదాపు పడుకుని ఉంటుంది, ముక్కు దగ్గరకొచ్చేసరికి నిలువుగా తిరిగిపోతుంది, అంటే ఒకే పలక వంగాలి, మెలికా తిరగాలి. ఆవిరి పెట్టె చేసుకున్నాం. నూనె డ్రమ్ము కింద పొయ్యి, డ్రమ్ము నుంచి పైపు, పైపు చివర పలక పట్టేంత పొడుగు చెక్క పెట్టె, అతుకుల్లో తడి గోనె. లెక్క అంగుళం మందానికి గంట, మాది అంగుళంపావు కాబట్టి గంటంపావు. అంతకుముందు కొన్ని రోజులు పలకని ఏట్లోనే నానబెట్టి ఉంచాం. పెట్టె తలుపు తెరిచాక చేతిలో ఉండేది ఒకటి రెండు నిమిషాలే. నలుగురు తోలు చేతొడుగులతో పలక లాక్కుని పరిగెడతారు, వెనక చివర ముందే బిగించే మనిషి రెడీగా ఉంటాడు, అక్కణ్ణుంచి ముక్కు వైపు రిబ్బు రిబ్బుకీ క్లాంపు వేసుకుంటూ వస్తాం, ముక్కు దగ్గర మనిషి పలక చివరకి బిగించిన కర్రని రెంచిలా పట్టుకుని తన బరువంతా వేసి మెలి తిప్పుతాడు. చెక్క మూలుగుతుంది. ఆ మూలుగు సన్నగా సాగుతూ ఉంటే ఫర్లేదు, టక్ అని తెగి వినిపిస్తే ఆపెయ్యాలి. ఎడమ వైపుది మొదటిసారికే కూర్చుంది. కుడివైపుది ఒక ముడి దగ్గర చీలింది, దాన్ని చిన్న ముక్కలకి వాడుకుని ఇంకో పలక ఎక్కించాం. క్లాంపుల్లో రాత్రంతా వదిలేసి చల్లారాకే మేకులు కొట్టాం.

పలకల మధ్య సందులు నారతో పూడ్చే పనికి ఎంవీ ఊరి నుంచి ఒక ముసలి మిస్త్రీ దాదా వచ్చాడు. ఆయన పద్ధతి మా తాళ్ళరేవు పద్ధతి కంటే కొంచెం వేరు. మేం దూది వత్తి వేసి పైన గుగ్గిలం, నూనె కాచిన ముద్ద పూస్తాం. ఆయన జనపనార వాడతాడు, పచ్చి నీటి తుమికి కాయలు దంచి కుండలో పులియబెట్టిన కషాయంలో నార నానబెట్టి ఆరబెడతాడు. బెంగాల్ పడవలవాళ్ళు వలలకీ పడవలకీ అదే పూస్తారు, ఆ కాయ వగరు నీళ్ళలో చివకనివ్వదు. రెండూ కలిపాం, లోపలికి ఒక వరస దూది, పైన ఆయన నార, దాని పైన సంతలో కొన్న గుగ్గిలం. సందు లోపల బిగుతుగా, బయట రెండు మిల్లీమీటర్లు తెరుచుకుని వి ఆకారంలో ఉండాలి, అప్పుడే నార వెనక్కి జారిపోకుండా కూర్చుంటుంది.

ఇక్కడ చాలామంది చేసేది ఎక్కువ దట్టించడం. పొడి పలకల మధ్య సందు చూసి భయమేసి, ఇనప ఉలితో సమ్మెట దెబ్బలు కొట్టి నార కూరుతారు. తర్వాత లాంచీ నీళ్ళలో దిగి పలకలు ఉబ్బితే వాటికి పోవడానికి చోటుండదు, మేకుల్ని లాగేస్తాయి, రిబ్బుల్ని విరిచేస్తాయి. దాదా కొయ్య సుత్తితో కొడతాడు, ప్రతి దెబ్బకీ శబ్దం వింటాడు, మొద్దుగా ఉన్న శబ్దం కాస్త గట్టిగా మారగానే ఆపి ముందుకెళ్తాడు. నేను పక్కన కూర్చుని ఒక వరస మొత్తం ఆయన చేతి మీదే విన్నాను. సందు మీద గట్టిపడిపోయే పుట్టీ కూడా వాడలేదు, సుద్దపొడి, అవిసె నూనె కలిపిన మెత్తటి పుట్టీయే, పలక ఉబ్బితే అది బయటికి ఉబ్బుతుంది, గీకేస్తే సరిపోతుంది. పాత పుస్తకాల్లో ఇక్కడ ఎర్ర సీసం రాయమంటారు. వద్దు. అది సీసం, జనం నీళ్ళు తోడుకునే ఏరు ఇది. రెడ్ ఆక్సైడ్ చాలు.

డెక్ గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఎప్పుడో మధ్యలో ఈ లాంచీకి పైన ఇనప యాంగిళ్ళతో రెండో అంతస్తు వేసి, రేకులు కప్పి, జనాన్ని పైన కూర్చోబెట్టేవారు. మేం దాన్ని పీకేశాం. టూరిస్టులొస్తే పైనుంచి చూడ్డానికి బావుంటుంది, ఉంచమని అడిగారు. ఉంచితే నేను పని వదిలేస్తానని చెప్పాను. బరువు పైకి పోయేకొద్దీ పక్కకి ఒరిగిన లాంచీ తిరిగి లేచే శక్తి తగ్గుతుంది, పైన జనం ఒక్కసారి ఒకే పక్కకి వస్తే అయిపోయింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది గోదావరి పక్కన ఎవరూ మర్చిపోలేదు, ఆ ప్రమాదానికి కారణాలు వేరే ఉన్నాయి, అయినా వరద నీళ్ళలో జనాన్ని మోసే లాంచీ విషయంలో చిన్న సందేహం కూడా ఉంచకూడదన్నది నా పట్టు. ఇప్పుడు పైన తేలికపాటి చెక్క పందిరి, టార్పాలిన్, అంతే. డెక్ అంచుల్లో వాననీరు నిలవకుండా వాలు పెట్టాం, రిబ్బుల మధ్య కిందికి గాలి ఆడేలా ముందూ వెనకా రెండు గాలి గూళ్ళు పెట్టాం. అడుగున సిమెంటు లేదు, ప్రతి రిబ్బు కింద నీళ్ళు పోయే చిన్న కన్నం ఉంది, పంపు దగ్గరకి వచ్చి చేరతాయి.

ఇంజను పాత అశోక్ లేలాండ్ ఆరు సిలిండర్లది. దాన్ని మెకానిక్ చూసుకున్నాడు, లైనర్లు, పిస్టన్ రింగులు, నాజిల్స్ మార్చి నిలబెట్టాడు, దాంట్లో విశేషం లేదు. మేం మార్పించింది చల్లబరిచే పద్ధతి. పాతది ఏటి నీళ్ళనే లాగి ఇంజన్లో తిప్పేది. వర్షాకాలం శబరి నీళ్ళల్లో ఇసుక, బురద, ఆకులు, పంపు రెక్కలు అరిగిపోతాయి, దారులు పూడిపోతాయి, సరిగ్గా వరద మధ్యలో ఇంజను వేడెక్కి ఆగుతుంది. ఇప్పుడు అడుగు దూలం పక్కనే బయట పైపులు వేసి లోపలి నీళ్ళనే వాటిలో తిప్పుతున్నాం, ఏటి నీళ్ళు లోపలికి రావు. షాఫ్ట్ చివర మెగ్నీషియం ముక్క బిగించాం, షాఫ్ట్‌కి బదులు అది తినేయబడుతుంది. సముద్రం పడవలకి జింకు పెడతారు, మంచినీళ్ళలో జింకు సరిగ్గా పనిచెయ్యదు.

నీళ్ళలో దించడానికి ముందు లోపల కొంచెం నీళ్ళు పోసి, బయట తడి గోనెలు కప్పి కొన్ని రోజులు ఉంచాం. తర్వాత కార్తీకం నీళ్ళు తగ్గుముఖం పట్టినప్పుడు, ఒడ్డున దుంగలు పరిచి తాళ్ళతో నెమ్మదిగా జార్చాం. మొదటి రాత్రి బాగా కారింది. ఊళ్ళో వాళ్ళు మునిగిపోద్దని అన్నారు, ఓనర్ గారు నిద్ర పోలేదు. పంపులు రెండు రెడీగా పెట్టుకున్నాం, అది ముందే చెప్పిన సంగతే, పలకలు తాగాలి కదా. రెండో రోజుకి పంపు నడిపే టైము సగమైంది, వారం అయ్యేసరికి రోజుకోసారి కాసేపు నడిపితే చాలు. ఫైబర్ కొట్టి ఉంటే మొదటి రోజే పొడిగా ఉండేది, నిజమే. నాకు కావల్సింది మొదటి రోజు కాదు.

షాఫ్టు అలైన్‌మెంట్ కూడా ఆ వారం గడిచాకే చేశాం. ఒడ్డు మీద దిమ్మలపై ఉన్న లాంచీ ఆకారం వేరు, నీళ్ళలో తేలే లాంచీ ఆకారం వేరు. ఒడ్డున బిగించేసి దించితే షాఫ్టు వణికి బుష్ అరిగిపోతుంది. కప్లింగు విప్పి రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి నాలుగు వైపులా చూడాలి, అంగుళం వ్యాసానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, తేడా దాకా ఒప్పుకోవచ్చు. మాది 6 అంగుళాల కప్లింగు, 4 థౌ లోపు తెచ్చి బోల్టులు బిగించాం. గ్లాండు, అంటే షాఫ్టు బయటికి వెళ్ళే చోట నీళ్ళు ఆపే బిగింపు, మరీ బిగించలేదు, నడుస్తుంటే నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి, ఆ చుక్కలే షాఫ్టుని చల్లగా ఉంచేది.

నిలకడ టెస్టు కూడా చేశాం. మధ్య గీత మీద 50 కేజీల ఇసుక బస్తాలు నాలుగు పెట్టి, వాటిని నాలుగడుగులు పక్కకి జరిపి, ఆరడుగుల దారానికి కట్టిన తూకం గుండు ఎంత జరిగిందో కొలిచాం. మూడంగుళాలు. లాంచీ బరువు సుమారు 10 టన్నులు పట్టుకుని లెక్కేస్తే, ఒరిగిన లాంచీ తిరిగి లేచే శక్తిని చెప్పే నిలకడ కొలత 58 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది, ఈ సైజు లాంచీకి బాగుంది. ఇది మా తృప్తి కోసం, అధికారిక సర్వేకి ఇది ప్రత్యామ్నాయం కాదు. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ లేకుండా టికెట్ పెట్టి జనాన్ని ఎక్కించకూడదు. కాగితాలు పెట్టారు, వచ్చేదాకా లాంచీ సరుకులకే తిరుగుతుంది, లైఫ్ జాకెట్లు మాత్రం ఇప్పట్నుంచే మనిషికొకటి.

ఖర్చులో సగం పైన కలపకీ, కూలికీ పోయింది, ఇంజను అందులో చిన్న భాగమే. ఇలాంటి పని ఒప్పుకునేవాళ్ళకి నా మాట ఏంటంటే ఫైబర్ విప్పకముందు రేటు చెప్పకండి. విప్పడానికి విడిగా ఒక మొత్తం మాట్లాడుకుని, విప్పాక ఓనర్‌ని పక్కన నిలబెట్టి ప్రతి పలక సుత్తితో కొట్టి చూపించి, అప్పుడు ఎస్టిమేట్ ఇవ్వండి. ఇక్కడ అలాగే చేశాం కాబట్టే మధ్యలో గొడవ రాలేదు.

ఇప్పటి పరిస్థితి. ఒక వర్షాకాలం గడిచింది. డెక్ కింద మూలల్లో మీటరు 16, 17 చూపిస్తోంది, 18 దాటితే ఫోన్ చెయ్యమని సరంగుకి చెప్పాను, మీటరు కూడా ఆయన దగ్గరే వదిలేశాను. కుడివైపు ముక్కు దగ్గర, మార్చిన ఆ మొదటి పలక మొదలయ్యే చోట, ఇప్పటికీ కొంచెం చెమ్మ దిగుతోంది, రోజుకి ఒక చెంబుడు. దాన్ని బయటనుంచి పుట్టీతో మూసెయ్యమని అంటున్నారు, నేను ఒప్పుకోలేదు. ఏప్రిల్లో నీళ్ళు తగ్గాక ఒడ్డుకి లాగి, ఆ రెండు గజాల మేర నార పీకి, దాదాని పిలిచి మళ్ళీ కొట్టిస్తాం.